పిడుగు పడిన ఇల్లు - రెండు ఎస్టిమేట్లు

2023 జూన్ రెండో వారంలో, రాయ్‌పూర్‌కి ఇంకా వానాకాలం రాకముందే, మోవాలో మా ఇంటిమీద పిడుగు పడింది. సాయంత్రం ఆరుంపావు వేళ. దుమ్ము లేచింది, నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. వెలుగూ శబ్దమూ ఒకేసారి వచ్చాయి. మెరుపు చూసి చెవులు మూసుకునే వ్యవధి కూడా లేదు.

మెట్లగది మీది నీళ్ళ ట్యాంకు నిలువునా పగిలింది. పిట్టగోడ మూల ఎగిరి పక్కవాళ్ళ వాకిట్లో పడింది. గోడలో వైర్ల పైపు పోయిన దారంతా ప్లాస్టరు ఊడి, ఎవరో ఉలితో గాడి తీసినట్టుంది. మూడు స్విచ్‌బోర్డులు గోడలోంచి ఊడి వచ్చాయి. అందులో ఒకటి మనవరాలు రోజూ పడుకునే మంచం మీద పడింది. అప్పుడు ఆ పిల్ల వంటింట్లో ఉంది. ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్, బోరు మోటారు స్టార్టరు, సెట్‌టాప్ బాక్సు అన్నీ ఒకే క్షణంలో పోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. పిల్లకు మాత్రం రెండు రోజులు చెవిలో హోరు, ఆ తర్వాత నెలరోజులు మబ్బు పడితే మంచం కిందికి దూరడం.

ఆ రాత్రి మెయిన్ కట్టేసి, టార్చిలైటుతో గది గదికీ తిరిగి, గోడల్లో ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందా అని వాసన చూసుకుంటూ కూర్చున్నాం. ఆడవాళ్ళనీ పిల్లనీ పక్కింటివాళ్ళు పిలిచి పడుకోబెట్టారు. తెల్లవారాక నేనూ మా అబ్బాయీ ఫొటోలు తీసి, పోయినవాటి జాబితా రాశాం. మొత్తం లెక్క 1,97,500 రూపాయలు తేలింది. నలభై ఏళ్ళు రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి, అదొక్కటే చేతనైన పని.

మధ్యాహ్నానికి రాజమండ్రి నుంచి మా పెద్ద వదినగారు ఫోను చేశారు. "మరిదిగారూ, పిడుగు పడిన ఇంట్లో శాంతి చేయించకుండా పొయ్యి వెలిగించకూడదు. మీ వాదాలు మీరు తర్వాత రాసుకోండి" అన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళకు పౌరోహిత్యం చేసే శాస్త్రులుగారు సాయంత్రానికి వచ్చి హోమం, జపం, దానాలు, భోజనాలు కలిపి 21,000 అన్నారు. మర్నాడు ఎలక్ట్రికల్ మిస్త్రీ వచ్చి ఇంటికి పిడుగు కడ్డీ, రెండు ఎర్త్ గోతులు, మెయిన్ బోర్డు దగ్గర సర్జ్ నిరోధకం కలిపి 38,000 అన్నాడు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీద ఉన్నాయి. ఇల్లు బాగుచేసుకోవడానికే డబ్బు వెతుక్కుంటున్న రోజులవి. మా ఆవిడ రెండింటినీ చూసి, "ఏమండీ, ఇందులో ఏది ముందు?" అని అడిగింది.

ఏది ముందు అనేది చరిత్రలో కూడా చాలాకాలం నలిగిన ప్రశ్న. అందుకే ఈ వ్యాసం.

ముందు మన సంగతి చూద్దాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, మొదటి అధికరణంలో, రాజుగారి అంతఃపురం ఎలా కట్టాలో చెప్పిన అధ్యాయం ఉంది. అందులో నిప్పునుంచి రక్షణకు ఒక ఉపాయం: పిడుగుపాటుకు కాలిన దాని బూడిదను మట్టిలో కలిపి, వడగళ్ళ నీళ్ళతో మెదిపి గోడలకు పూస్తే ఆ ఇంటికి నిప్పంటుకోదట. కౌటిల్యుడు పన్నులు, తూకాలు, గూఢచారుల విషయంలో ఎంత లెక్కగా రాశాడో చదివినవాళ్ళకు తెలుసు. అదే మనిషి ఇక్కడ పిడుగు బూడిద దగ్గర ఆగిపోయాడు. ఒకసారి పిడుగు కాల్చినదాన్ని నిప్పు మళ్ళీ ముట్టుకోదన్నది తర్కం లాగే ఉంటుంది. పరీక్షించి చూసినవాడు లేడు, అదే లోటు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆకాశంనుంచి పడే వాటిని ఐదు రకాలుగా విడదీశాడు. ఉల్క వేరు, అశని వేరు, విద్యుత్తు వేరు. అశని పెద్ద చప్పుడుతో మనుషులమీదా, ఏనుగులమీదా, చెట్లమీదా, ఇళ్ళమీదా పడుతుందన్నాడు. గమనించడంలో తప్పులేదు. వర్గీకరణ కూడా ఉంది. కానీ దాని వెనకే 'ఇది దేనికి సూచన' అన్న ప్రశ్న వచ్చి, 'ఇది ఏ దారిన పోయింది' అన్న ప్రశ్నను మింగేసింది.

మన ఇళ్ళలో ఉరిమితే అర్జునుడి పది పేర్లూ చదువుకోవడం మీకూ తెలిసిందే. విరాటపర్వంలో ఆ పేర్లు అర్జునుడే ఉత్తరుడికి చెప్పుకుంటాడు. ఖాండవ వనం కాలుస్తున్నప్పుడు ఇంద్రుడి వానను బాణాల పందిరితో ఆపాడు గనక, పేరు వినగానే ఇంద్రుడు తగ్గుతాడని నమ్మకం. మా అమ్మ చదివేది. చిన్నప్పుడు నేనూ చదివాను. పిడుగు పడక ముందు నిమిషం మా ఆవిడ కూడా చదువుతూనే ఉంది. ఈ మాట ఆవిడకు ఎత్తిచూపలేదు. ఎందుకో కింద చెబుతాను.

ఇదంతా మనకొక్కళ్ళకే ఉన్న జబ్బు అనుకుంటే పొరపాటు. ఐరోపాలో ఉరుములు మొదలుకాగానే చర్చి గంటలు మోగించేవారు. గంటల శబ్దానికి పిడుగులు చెదిరిపోతాయని నమ్మకం. పిడుగుల్ని విరగ్గొడతానని గంటల మీదే పోత పోయించేవారు. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయిన కట్టడం, పైన లోహం, కింద తడి తాడు పట్టుకుని మనిషి! 1784లో మ్యూనిచ్‌లో ఫిషర్ అనే ఆయన ప్రకటించిన లెక్క ప్రకారం 33 ఏళ్ళలో 386 చర్చి గోపురాలమీద పిడుగులు పడి, గంటలు కొట్టే 103 మంది చచ్చిపోయారు. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటల గోపురం 1388 నుంచి 1762 దాకా ఎన్నోసార్లు పిడుగు దెబ్బ తిన్నది. ప్రతిసారీ ప్రార్థనలు చేశారు, ప్రతిసారీ మరమ్మతు చేశారు. 1766లో కడ్డీ పెట్టాక ఆ మరమ్మతుల పద్దు ఆగింది. (ఆ గోపురం 1902లో కూలింది, కానీ దానికి కారణం పిడుగు కాదు.)

ఆ కడ్డీ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నవ్వకండి, ఒక పంచాంగంలోంచి వచ్చింది. ఫిలడెల్ఫియాలో అచ్చు వ్యాపారం చేసుకునే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఏటా 'పేద రిచర్డ్' పేరుతో పంచాంగం వేసేవాడు. మెరుపు కూడా విద్యుత్తే అయితే కోసుగా ఉన్న ఇనప కడ్డీతో దాన్ని రాబట్టవచ్చని అతను రాసిన ప్రతిపాదనను 1752 మే 10న పారిస్ దగ్గర మార్లీ అనే ఊళ్ళో దాలిబార్ ఏర్పాటు చేసిన కడ్డీతో నిజం చేశారు. ఉరిమినప్పుడు దాలిబార్ ఊళ్ళో లేడు. కాపలా ఉంచిన ఒక మాజీ సైనికుడు నిప్పురవ్వ తీశాడు, కబురందుకుని పరుగెత్తుకొచ్చి తనూ తీసి చూసినవాడు ఆ ఊరి చర్చి ఫాదరే! 1753 సంవత్సరపు పంచాంగంలో ఇళ్ళను పిడుగునుంచి కాపాడుకునే విధానం అచ్చయింది. సన్నటి ఇనప కడ్డీ తీసుకో. ఒక కొస మూడు నాలుగడుగులు తడి నేలలోకి దించు. రెండో కొస ఇంటి శిఖరానికి ఆరెనిమిది అడుగులు పైకి లేపు. పైన అల్లికసూది లావు ఇత్తడి తీగ కోసుగా చెక్కి కట్టు. పొడుగాటి ఇల్లయితే రెండు చివరలా కడ్డీలు నిలిపి, ఇంటి కప్పు వెన్ను వెంట తీగతో కలుపు. ఇంతే. పేటెంటు తీసుకోలేదు.

తన ఇంట్లోనే కడ్డీకి రెండు చిన్న గంటలు తగిలించాడు, మబ్బు పట్టినప్పుడల్లా అవి మోగేవి. ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్న రోజుల్లో ఆ గంటల మోతకు భార్య డెబొరా భయపడిపోతుంటే, ఎలా ఆపాలో ఉత్తరంలో రాయవలసి వచ్చింది. ఇంటివాళ్ళ భయానికి జవాబు చెప్పుకోక తప్పని స్థితి ఫ్రాంక్లిన్‌కీ ఉందన్నమాట.

ప్రయోగాలు చేసిన అందరూ బతికి బట్టకట్టలేదు. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, భూమికి కలపని కడ్డీ దగ్గర నిలబడి కొలతలు తీస్తూ చనిపోయాడు. భూమికి కలిపిన కడ్డీ ఏం చేస్తుందో 1760లో ఫిలడెల్ఫియాలో తెలిసింది. వెస్ట్ అనే వర్తకుడి ఇంటి కడ్డీమీద పిడుగు పడింది. ఇత్తడి కొస కరిగింది, ఇల్లు నిలిచింది.

అయినా కడ్డీకి వ్యతిరేకత తగ్గలేదు. 1755 నవంబరులో బోస్టన్ ప్రాంతంలో భూకంపం వస్తే, థామస్ ప్రిన్స్ అనే మత గురువు దానికి కారణం ఊళ్ళో నిలబెట్టిన ఈ ఇనప కొసలేనన్నాడు. దేవుడి కోపాన్ని ఆకాశంలో అడ్డుకుంటే భూమిలోంచి వస్తుందట! హార్వర్డ్ ఆచార్యుడు విన్‌త్రాప్ సమాధానం రాయవలసి వచ్చింది. ఫ్రాన్సులో సెంటొమేర్ పట్టణంలో విస్రీ అనే న్యాయవాది 1780లో తన ఇంటిమీద కడ్డీ పెట్టి, దాని కొసకు కత్తి అలుగు బిగించాడు. వీధివాళ్ళు ఇది ఊరిమీదికి పిడుగుల్ని పిలుస్తుందని ఫిర్యాదు చేశారు, తీసెయ్యమని తీర్పు వచ్చింది. పైకోర్టులో, 1783లో, ఆ కడ్డీ తరఫున వాదించి గెలిచిన ఇరవై అయిదేళ్ళ వకీలు పేరు రాబెస్పియర్. తర్వాత పదేళ్ళకు ఫ్రెంచి విప్లవంలో అతనేమయ్యాడో అందరికీ తెలుసు. మా పక్కింటాయన కూడా మేం కడ్డీ పెడతామంటే "మీ కడ్డీ లాగితే మా ఇంటిమీద పడదు కదా" అని అడిగాడు. పాపం, ఆయన కేసు వెయ్యలేదు.

ఇక నా ఉద్యోగానికి దగ్గర సంగతి, మందుగుండు కొట్లు. 1769 ఆగస్టులో ఇటలీలోని బ్రెషియాలో సైన్యం మందుగుండు దాచిన కొట్టుమీద పిడుగు పడి ఊళ్ళో పెద్ద భాగం నేలమట్టమైంది. చచ్చినవాళ్ళు 3,000 అని పాత పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. తర్వాత పరిశీలించినవాళ్ళు కొన్ని వందలకే ఒప్పుకుంటున్నారు. మన పక్షానికి పనికొచ్చే అంకె అయినా సరే, తప్పయితే కొట్టెయ్యాల్సిందే. ఆ దెబ్బకు బ్రిటిష్ ప్రభుత్వం కదిలి పర్‌ఫ్లీట్ మందుగుండు కొట్లకు కడ్డీలు ఎలా పెట్టాలో చెప్పమని 1772లో రాయల్ సొసైటీని అడిగింది. కమిటీలో ఫ్రాంక్లిన్ ఉన్నాడు, కోసు కడ్డీలన్నారు. విల్సన్ అనే సభ్యుడు మాత్రం మొద్దు కొసలే మేలన్నాడు. 1777 మేలో అక్కడే పిడుగు పడి కాస్త ఇటుక రాలింది. ఈలోగా అమెరికా తిరుగుబాటు మొదలైంది కాబట్టి మూడో జార్జి రాజుగారికి కోసు కడ్డీ అంటే రాజద్రోహం లాగా కనిపించి, తన భవనాలకు మొద్దు కొసలు పెట్టించాడు. దీనిమీద మనవాళ్ళు రెండు వందల ఏళ్ళు రాజుని వెక్కిరించారు. తమాషా ఏమిటంటే, 2000 సంవత్సరంలో అమెరికాలో మూర్ బృందం కొండమీద రెండు రకాలూ పక్కపక్కనే నిలిపి చూస్తే, కాస్త మొద్దుగా ఉన్నవాటికే పిడుగులు తగిలాయి. రాజు చెప్పిన కారణం తప్పు, కడ్డీ మాత్రం తప్పు కాదు. ఫ్రాంక్లిన్ కూడా కోసు కడ్డీ మబ్బులోని విద్యుత్తును నిశ్శబ్దంగా లాగేసి పిడుగునే ఆపుతుందనుకున్నాడు. అదేం జరగదు. కడ్డీ పిడుగును ఆపదు, పడిన పిడుగుకు గోడ బయటనుంచి నేలలోకి దారి ఇస్తుంది. సిద్ధాంతం తప్పయినా తీగ పనిచేసింది, తర్వాత సిద్ధాంతాన్నీ సరిచేసుకున్నారు.

మన దేశంలోనూ ఈ తగవు నడిచింది. తర్వాతికాలంలో టెలిగ్రాఫ్ వేసిన ఓషాగ్నెస్సీ, 1840 ప్రాంతాల్లో కలకత్తాలో ఉండగా, మందుగుండు కొట్లకే కడ్డీలు తగిలించడం మంచిది కాదని కంపెనీకి రాశాడు. లండన్‌లో ఫారడేలాంటివాళ్ళ సలహా అడిగారు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఇప్పుడు ఆ రోజు మా ఆవిణ్ణి ఎందుకు అనలేదో చెబుతాను. ఉద్యోగంలో ఉండగా మందుగుండు కొట్ల ఎర్త్ పరీక్షల బిల్లులు ఏటేటా నా చేతుల మీదుగా పోయేవి. రీడింగు రిజిస్టరు జతచేయకపోతే బిల్లు వెనక్కి పంపేవాణ్ణి. కడ్డీ ఎర్త్ 10 ఓమ్‌లు దాటకూడదని బి.కాం. చదివిన నాకు తెలిసింది అలాగే. అంత తెలిసినవాణ్ణి, మోవాలో ఇల్లు కట్టినప్పుడు కాంట్రాక్టరు పెరట్లో ఒక గొట్టం పాతి "ఎర్తింగ్ హో గయా సాబ్" అంటే తల ఊపి డబ్బిచ్చాను. పిడుగు పడ్డాక మిస్త్రీ మీటరు పెట్టి చూస్తే 64 ఓమ్‌లు. సభల్లో అర్జునుడి పేర్ల మీద జోకులు వేసినవాణ్ణి. ఆ పేర్లు చదివిన మా ఆవిడ ఇంటి రక్షణకు ఎంత చేసిందో, వాటిని వెక్కిరించిన నేనూ సరిగ్గా అంతే చేశాను. పైగా ఆవిడకు రిజిస్టరు సంగతి తెలియదు, నాకు తెలుసు.

ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పాలి. అగ్ని బీమా పాలసీలో మొదటి ప్రమాదం నిప్పు, రెండోది పిడుగు. అది చూసి ధైర్యంగా ఉన్నాను. కొన్ని పేజీల తర్వాత మినహాయింపుల్లో ఒక వాక్యం ఉంది: షార్ట్ సర్క్యూట్, అధిక వోల్టేజి వంటివాటివల్ల పోయిన ఆ విద్యుత్ పరికరానికీ, ఆ ఫిటింగుకీ పరిహారం లేదు, కారణం ఏదైనా సరే, 'లైట్నింగ్ ఇన్‌క్లూడెడ్'. ముందు ఇచ్చి వెనక తీసుకోవడం ఇదే. మా సర్వేయరు గోడ, పిట్టగోడ, ట్యాంకు లెక్కగట్టి 51,200 రాశాడు. వైరింగుకీ, సామానుకీ సున్నా. రెండుసార్లు రాశాను, అదే వాక్యం తిరిగి వచ్చింది. ఇల్లు బీమా చేసినవాళ్ళు ఇవాళే ఆ పేజీ తీసి చదువుకోండి. విద్యుత్ సామానుకు విడిగా కవరు అడిగి తీసుకోవచ్చు.

కడ్డీ కోసం బజారుకెళితే అక్కడా ఒక శాస్త్రులుగారు తగిలాడు, కాకపోతే ప్యాంటు వేసుకున్నాడు. పైన స్టీలు గుమ్మటం లాంటి పరికరం, అది 'ముందే స్పందించి' చుట్టూ వంద మీటర్ల దాకా పిడుగుల్ని పట్టేస్తుందట, ధర లక్ష పైన. ఈ రకం పరికరాలకు మామూలు కడ్డీని మించిన శక్తి ఉందనడానికి తగిన ఆధారం లేదని, అమెరికా అగ్నిరక్షణ సంస్థ నియమించిన స్వతంత్ర బృందం 1999లోనే తేల్చింది. అయినా పెద్ద పెద్ద భవనాలమీద కనిపిస్తూనే ఉన్నాయి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇల్లు పోతే కట్టుకుంటాం. మోవా నుంచి ముందుకు సాగే రోడ్డు బలోదాబజార్ పోతుంది. ఆ జిల్లాలో మోహతరా గ్రామంలో 2024 సెప్టెంబరు 8న వానకు చెట్టుకింద చేరిన ఏడుగురు ఒకే పిడుగుకు చచ్చిపోయారు. రెండు వారాలకు రాజనాందగావ్ జిల్లా జోరాతరాయిలో ఎనిమిది మంది, వాళ్ళలో బడిపిల్లలున్నారు. నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో దేశం మొత్తం మీద పిడుగు చావులు 2,887. ఇక్కడా, జార్ఖండ్, ఒడిశాల్లోనూ పిడుగు తగిలినవాణ్ణి మెడదాకా పేడలో పాతిపెడితే కరెంటు లాగేస్తుందని నమ్మకం. పాతిన వార్తలు పత్రికల్లో పదే పదే వస్తున్నాయి. మా ఇంట్లో పనిచేసే ఆమె తమ ఊళ్ళో ఇద్దర్ని అలా పాతారని, ఒకడు లేచి కూర్చున్నాడని, రెండోవాడు లేవలేదని చెప్పింది. లేచినవాడే ఊళ్ళో సాక్ష్యం. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఊపిరి, గుండె ఆగి ఉంటే ఆ కొద్ది నిమిషాల్లోనే ఛాతీమీద నొక్కుతూ నోటితో ఊపిరి అందించాలి, ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. గొయ్యి తవ్వి, పేడ మోసుకొచ్చేలోపు ఆ నిమిషాలు అయిపోతాయి. ఆమెకు ఇది చెప్పాను, నేలమీద దిండు పెట్టి నొక్కి చూపించాను. నవ్వింది. ఊళ్ళో చెబుతానంది.

శాంతి సంగతి. 38,000 ముందు ఖర్చుపెట్టాలని మా అబ్బాయీ, కోడలూ, నేనూ అన్నాం. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పటాల ముందు దీపం పెట్టుకుని, ఒక కొబ్బరికాయ కొట్టి, పొయ్యి వెలిగించింది. నేనేమీ అనలేదు. అది ఆవిడ ఇల్లు కూడా. కడ్డీ పెట్టాం, ఎర్త్‌లన్నీ ఒకదానికొకటి కలిపించాం. అంతకుముందు డిష్ తీగ ఒక దారి, మెయిన్ ఒక దారి. మిస్త్రీ మీటరు 4.2 చూపించింది. ఇప్పుడు ఉరిమితే ఆవిడ అర్జునుడి పేర్లు చదువుకుంటుంది, నేను ప్లగ్గులు పీకుతాను, మనవరాలు మంచం కింద కాకుండా మంచం మీద కూర్చుని మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెడుతుంది.

మరుసటి సంక్రాంతికి మా వదినగారు వచ్చారు. మేడ మీదికి తీసుకెళ్ళి కడ్డీ చూపించాను.

"ఇది పెడితే పిడుగు పడదా మరిదిగారూ?" అన్నారు.

"పడుతుందండీ. పడితే ఇంట్లోకి రాకుండా భూమిలోకి పోతుంది" అన్నాను.

"అదే శాంతి చేయించి ఉంటే అసలు పడేదే కాదుగా" అంటూ ఆవిడ మెట్లు దిగిపోయారు.

శాస్త్రులుగారి ఎస్టిమేటూ, మిస్త్రీ బిల్లూ ఒకే ఫైల్లో ఉన్నాయి. పక్కన ఒక చిన్న రిజిస్టరు పెట్టాను, ఎర్త్ రీడింగులకు. ప్రతి ఏడూ మే ఆఖరి వారంలో గోతుల్లో నీళ్ళు పోసి రీడింగు తీయించాలి.